ప్రక్కన కూర్చునేవారు



ఈ వారము ధ్యానము లెక్కల గురించి. నవ్వకండి. సంఖ్యాకాండము గురించి కాదు, నిజంగా లెక్కల గురించే. భిన్నాలు, సమీకరణాలు, సగటు, ఇవే. పాస్టరు గారికి వీటితో పనేమిటని మీలో కొందరు అడుగుతారు. గత సంవత్సరము నుండి మా ఇంట్లో శనివారము ఉదయకాల ప్రార్థన అయిన తరువాత ఎక్కువగా జరిగినది ఇదే కాబట్టి వ్రాస్తున్నాము.

మన సంఘములో పెరిగిన ఒక సహోదరి ఇప్పుడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రములో ఉంటోంది. పేరు వ్రాయడము లేదు. "పేరు ఒక్కటి వద్దు అయ్యగారూ, మిగతాదంతా వ్రాయండి, నాలాంటి వాళ్ళకు పనికొస్తుంది" అంది. పెద్దవారికి ఎవరో తెలుస్తుంది, తెలిసినా కామెంట్లలో పేరు పెట్టకండి. సండేస్కూల్లో మా దగ్గరే చదువుకుంది. పదో తరగతి తెలుగు మీడియం, ఆ తరువాత ఇంటర్ బైపీసీ. బైపీసీ తీసుకున్నవారికి లెక్కలు పదో తరగతితోనే ఆగిపోతాయి కదా, ఈమెకూ అంతే. నర్సు కావాలని చిన్నప్పటి నుండి కోరిక. ఇంటర్ అయిన ఏడాదే పెళ్ళి కుదిరింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, భర్త ఉద్యోగము మీద వెళ్ళిపోయారు. చిన్న పిల్లవాడు బడిలో చేరాక, గ్రీన్‌కార్డు కూడా వచ్చాక, ముప్ఫై నాలుగో ఏట ఆ పాత కోరిక మళ్ళీ లేచింది. ఇంటికి ఇరవై నిమిషాల దూరములో కమ్యూనిటీ కాలేజీ ఉందని, అక్కడ చేరతానని ఫోను చేసింది.

ఆ మాట మేము బుధవారము గృహకూడికలో ప్రార్థన అంశముగా చెప్పగానే ఒక పెద్దాయన "ఏ కమ్యూనిటీ వాళ్ళదండీ అది?" అని అడిగారు. తప్పు ఆయనది కాదు. మన దగ్గర కమ్యూనిటీ అంటే సర్టిఫికెట్టు మీద వ్రాసే కులమే. అక్కడ ఆ మాటకు ఆ ఊరి జనమంతా అని అర్థము. ర్యాంకు అడగరు, ప్రవేశ పరీక్షలో నెగ్గనివారిని వెనక్కి పంపరు, చేరతానన్నవారిని చేర్చుకుంటారు. రెండేళ్ళ చదువు, విశ్వవిద్యాలయము కంటే బాగా తక్కువ ఫీజు, సాయంత్రము పూట కూడా తరగతులు. మొదటి రెండేళ్ళు ఇక్కడ చదివి తరువాత పెద్ద విశ్వవిద్యాలయానికి వెళ్ళేవారూ ఉన్నారు, నర్సింగ్, వెల్డింగ్ లాంటి పని నేర్చుకొని ఉద్యోగాలకు వెళ్ళేవారూ ఉన్నారు. ఇలినాయ్ రాష్ట్రములో జోలియట్ అనే ఊరిలో 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలైనదే ఈ రకము ప్రభుత్వ కాలేజీల్లో మొదటిదని చెబుతారు. ఇప్పుడు ఆ దేశమంతా కలిపి సుమారు వెయ్యి ఉన్నాయి. ఆరుగురు అన్న మాట మాకు బాగా నచ్చింది. మన సంఘము మొదలైనప్పుడు చింతచెట్టు క్రింద అంతకంటే ఇద్దరే ఎక్కువ.

అయితే చేర్చుకోవడము వేరు, నెగ్గించడము వేరు. నర్సింగు కోర్సుకు దరఖాస్తు చేయాలంటే ముందుగా కొన్ని సబ్జెక్టులు పాసవ్వాలి. ఈమె చేరిన కాలేజీలో వాటిలో స్టాటిస్టిక్స్ ఒకటి. చేరేముందు టెక్సాస్‌లో ఒక పరీక్ష పెడతారు, అది పాస్ ఫెయిల్ పరీక్ష కాదు, ఎవరికి ఎంత సహాయము కావాలో తెలుసుకునే పరీక్ష. చదవడము, వ్రాయడములో ఈమెకు సరిపోయే మార్కులే వచ్చాయి. లెక్కల్లో రాలేదు. పదహారేళ్ళు భిన్నము ముట్టుకోని చేయి, రాలేదంటే ఆశ్చర్యము లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంతకుముందు అలాంటివారిని డిగ్రీలో లెక్కకు రాని పునాది తరగతుల్లో వేసేవారట. ఒకటి పాసైతే ఇంకొకటి, కొందరికి మూడు కూడా. ప్రతిదానికీ ఫీజు కట్టాలి, నెలలు గడవాలి. అసలు కోర్సు దాకా రాకుండానే చాలామంది ఇంటికి పోయేవారు. 2017లో టెక్సాస్ శాసనసభ ఒక చట్టము చేసి ఈ వరుస మార్చింది. వెనుకబడినవారిని కూడా అసలు కోర్సులోనే కూర్చోబెట్టి, అదే సెమిస్టరులో దాని ప్రక్కనే ఒక సహాయ తరగతి పెట్టమంది. అదే ఏడాది కాలిఫోర్నియా కూడా దాదాపు ఇదే దారిలో చట్టము చేసింది. బయట ఉంచి "ముందు బాగుపడి రా" అనడము కాదు, లోపల కూర్చోబెట్టి బాగుచేయడము. ఇది చదువుతున్నప్పుడు సంఘములో చేర్చుకోవడము గురించి మాకు చాలా ఆలోచనలు వచ్చాయి, కాని అవి ఇంకొక వారానికి.

చట్టము మంచిదే గాని సహాయ తరగతిలో కూర్చున్నంత మాత్రాన సహాయము అందదు. మొదటి నెలలో ఈమె ఆ రెండు తరగతుల్లోనూ వెనుక బెంచీలో కూర్చుంది, ఒక్క ప్రశ్న అడగలేదు. అధ్యాపకురాలు మంచి మనిషే, "అర్థమైందా" అని అడుగుతుంది, అందరూ తలూపుతారు, ఈమె అందరికంటే ముందు తలూపుతుంది. మన బడుల్లో మనము నేర్చుకున్న విద్య అది. పైగా అంకెలు కూడా అక్కడ వేరే భాష మాట్లాడతాయి. మనము రెండు లక్షల యాభై వేలను 2,50,000 అని వ్రాస్తాము, వాళ్ళు 250,000 అని వ్రాస్తారు, కామా మారిపోతుంది. చదివేటప్పుడు మొదట మనసులో లక్షల్లోకి మార్చుకోవాలి, తరువాత ఇంగ్లీషులోకి, అప్పటికి బోర్డు మీద లెక్క తుడిచేస్తారు.

మొదటి పరీక్షలో నూటికి నలభై ఒకటి వచ్చింది. మన దగ్గరైతే ముప్ఫై ఐదు దాటితే పాసే, అక్కడ అది పనికిరాని మార్కు. రెండు వారాలు ఫోను లేదు. మూడో శనివారము ఉదయము ఆరు గంటలకు చేసింది, వారికి అది శుక్రవారము రాత్రి ఏడున్నర. పిల్లలు వెనుక గదిలో అరుస్తున్నారు. "అమ్మగారూ, నాకు బుర్ర లేదండి. కోర్సు వదిలేసే చివరి తేదీ ఇంకా ఉంది. ఆయనకు చెప్పలేదు. కట్టిన ఫీజు ఆయన ఓవర్‌టైం చేసిన డబ్బండి" అంది. అత్తగారు అక్కడే ఉన్నారు, ఈ వయసులో చదువేమిటని ఆమె ముందునుంచీ అంటూనే ఉన్నారు. వదిలేస్తే ఈ ఒక్క కోర్సుతో ఆగదని, నర్సింగు మాట ఇక తన నోట రాదని ఆమెకు తెలుసు, మాకూ తెలుసు.

అమ్మగారు ఒకటే అడిగారు. "అక్కడ లెక్కలు చెప్పేవాళ్ళు ఎవరూ లేరా అమ్మా, తరగతి కాకుండా?"

"ఉన్నారండి. లైబ్రరీ పైన ట్యూటరింగ్ సెంటరు అని ఉంది. డబ్బులు కూడా తీసుకోరు. కాని అక్కడికి వెళ్తే..." అని ఆగిపోయింది.

ఆ ఆగిపోయిన మాట ఏమిటో ఈ చదువుతున్న ప్రతివారికీ తెలుసు. మన ఊళ్ళల్లో ట్యూషనుకు రెండు రకాలవారు వెళ్తారు: డబ్బున్న ఇంటి పిల్లలు, మొద్దు అని పేరుపడిన పిల్లలు. ఆ రెండో వరుసలో నిలబడడము ఎవరికి ఇష్టము? ముప్ఫై నాలుగేళ్ళ తల్లి, పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య, తన ఇంగ్లీషుతో, నాకు ఋణ సంఖ్యలు రావు అని చెప్పాలి. అంతకంటే కోర్సు వదిలేయడము తేలికగా కనిపించింది.

ఆమె బంధువుల వాట్సాప్ గ్రూపులో ఇంకొక సలహా వచ్చింది. ఉపవాసము ఉండి ప్రార్థించు, పరిశుద్ధాత్మ జ్ఞాపకము చేస్తాడు, మనుషుల దగ్గరకు ఎందుకు పోతావు అని. దీని గురించి మేము నిర్మొహమాటముగా చెబుతాము. ఉపవాసము మేమూ చేశాము, ఆ వారము అమ్మగారు మూడు రోజులు ఉన్నారు. కాని నేర్చుకోనిదాన్ని ఆత్మ జ్ఞాపకము చేయడు, నేర్చుకున్నదాన్ని జ్ఞాపకము చేస్తాడు. మనుషుల దగ్గరకు వెళ్ళడము విశ్వాసము తక్కువై చేసే పని అయితే, దేవుడు ఫిలిప్పును గాజా వెళ్ళే అరణ్యమార్గానికి ఎందుకు పంపించాడు?

ఆ రోజు ఫోనులో చదివినది అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయమే. మీకు తెలిసిన కథే. ఐతియొపీయుల రాణియైన కందాకే క్రింద అధికారి ఒకడు యెరూషలేముకు ఆరాధనకు వెళ్ళి తిరిగి పోతూ రథములో కూర్చొని యెషయా గ్రంథము చదువుతున్నాడు. ఫిలిప్పు పరుగెత్తికొని వెళ్ళి, చదివేది అర్థమవుతోందా అని అడుగుతాడు. మనము ఈ భాగము చదివినప్పుడు బాప్తిస్మము దగ్గరకు త్వరగా వెళ్ళిపోతాము. కాని ఆ మనిషి ఉద్యోగమేమిటో చూడండి. రాణి ధనాగారమంతటి మీద ఉన్నవాడు. ఒక రాజ్యము జమాఖర్చులు చూసేవాడు. అంతటివాడు దారిన పోయే మనిషితో, ఎవరైనా చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది అన్నాడు. సిగ్గుపడలేదు, పుస్తకము మూసి దాచుకోలేదు, అర్థమైందని తలూపలేదు. రథము ఎక్కి ప్రక్కన కూర్చోమని తానే బ్రతిమాలాడు. ఫిలిప్పు కూడా ఇంకో అధ్యాయము మొదలుపెట్టలేదు. అతను ఎక్కడ చదువుతూ ఆగిపోయాడో ఆ మాట దగ్గరనుంచే మొదలుపెట్టాడు.

సోమవారము ఆమె వెళ్ళింది. మొదట తలుపు దాకా వెళ్ళి, తిరిగి కారు దాకా వచ్చి, మళ్ళీ వెళ్ళిందట.

లోపల తాను అనుకున్నట్టు లేదు. పెద్ద గది, గుండ్రటి బల్లలు, తెల్ల బోర్డులు, కార్డు గీసి పేరు నమోదు చేసుకొని ఏ బల్ల దగ్గరైనా కూర్చోవచ్చు. ఎవరి పని వారు చేసుకుంటూ ఉంటారు, ఆగిపోయినప్పుడు చేయి ఎత్తితే ఒకరు వస్తారు. ఆమె తరగతిలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు వచ్చిన అమ్మాయి అక్కడే కూర్చొని ఉంది. "నువ్వెందుకు వచ్చావు" అని ఈమె అడిగితే, "ఇక్కడికి వస్తాను కాబట్టే ఆ మార్కులు" అందట ఆ అమ్మాయి.

వచ్చిన ట్యూటరు ఇంచుమించు అరవై ఏళ్ళ పెద్దాయన. ఉద్యోగ విరమణ చేశాక వారానికి కొన్ని గంటలు చెబుతాడు. ఈమె కాగితము చూసి తప్పని కొట్టేయలేదు. "ఇక్కడ మీరేమి చేశారో నాకు చెప్పండి" అన్నాడు. లెక్క చిన్నదే: 7 − (ఎక్స్ − 2). ఈమె 5 − ఎక్స్ అని వ్రాసింది. ఎలా వచ్చిందో చెబుతూ ఉంటే ఆయన వింటున్నాడు. చెప్పడము అయ్యాక, "ఎక్స్ బదులు 4 పెట్టి రెండూ చేయండి" అన్నాడు. మొదటిది 7 లోనుంచి 2 తీసేస్తే 5. రెండోది 5 లోనుంచి 4 తీసేస్తే 1. రెండూ ఒకటి కావు. ఎక్కడో తేడా ఉందని ఆయన చెప్పనక్కరలేదు, తన కాగితమే తనకు చెప్పింది. బ్రాకెట్టు ముందున్న మైనస్ లోపలి మైనస్ 2 మీద కూడా పడుతుందని, అది ప్లస్ 2 అవుతుందని, జవాబు 9 − ఎక్స్ అని అరగంటలో తానే పట్టుకుంది.

శనివారము అమ్మగారికి ఇది చెబితే ఆమె వెంటనే మన లెక్కలోకి మార్చారు. చేతిలో ఏడు వందలు ఉన్నాయి. కొట్టులో నాలుగు వందలు బాకీ. కొట్టాయన రెండు వందలు మాఫీ చేశాడు. కట్టేది రెండు వందలే, మిగిలేది ఐదు వందలు. మాఫీ లేకపోతే మూడు వందలే మిగిలేది. బాకీలో తగ్గించినది నీ చేతిలో పెరిగినట్టే కదా అమ్మా అన్నారు. మేము ఆ బాకీ మాట పట్టుకొని ఆదివారానికి ప్రసంగము తయారుచేయబోతే, లెక్కను లెక్కగా ఉండనివ్వండి అని అమ్మగారే వారించారు.

అప్పటినుండి వారానికి మూడు రోజులు సెంటరుకు వెళ్ళింది, పిల్లలు బడిలో ఉన్న సమయములో. అధ్యాపకురాలి ఆఫీసు గంటలకూ వెళ్ళడము మొదలుపెట్టింది. అక్కడ ప్రతి అధ్యాపకుడూ వారములో కొన్ని గంటలు గదిలో కూర్చొని ఉండాలి, విద్యార్థులు వచ్చి అడగడానికే ఆ గంటలు. చాలాసార్లు ఎవరూ రాక వాళ్ళు ఒంటరిగా కూర్చుంటారట! ఈ మాట విన్నప్పుడు మాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. ప్రార్థన గది తెరచి కూర్చునేవారికి ఆ బాధ తెలుసు.

ఇంకొక ఏర్పాటు కూడా ఉంది, దాని సంగతి మాకు ఎక్కువ నచ్చింది. కిందటి సెమిస్టరులో అదే కోర్సు బాగా చేసిన విద్యార్థి ఒకరిని మళ్ళీ అదే తరగతిలో కూర్చోబెడతారు. ఆ విద్యార్థి పాఠమంతా మళ్ళీ విని, వారములో ఒకటి రెండుసార్లు మిగతావారిని కూర్చోబెట్టి కలిసి చదివిస్తాడు. మిస్సోరీ రాష్ట్రములో కాన్సాస్ సిటీలో ఉన్న విశ్వవిద్యాలయములో 1973లో ఈ పద్ధతి మొదలైంది, తరువాత చాలా దేశాలకు వెళ్ళింది. దానిలో తెలివి ఎక్కడుందంటే, వాళ్ళు మొద్దు విద్యార్థులను వెదకరు, కష్టమైన కోర్సులను వెదుకుతారు. ఈ కోర్సు కష్టము, అందుకని ఇందులో ఉన్న అందరికీ ఈ కూటము, రావాలనుకున్నవారు రండి అంటారు. అప్పుడు వచ్చినవాడి నుదుట ఏమీ వ్రాసి ఉండదు.

ఆ కూటములో ఒకరోజు జరిగినది ఆమె చెబుతూ ఉంటే ఫోనులోనే సంతోషము తెలిసింది. మీన్, మీడియన్, మోడ్ అని మూడు మాటలు నెల రోజులుగా ఆమెను ఏడిపిస్తున్నాయి. బోర్డు మీద ఎవరో అంకెలను వరుసలో పెట్టి మధ్యలో ఉన్నదాని చుట్టూ సున్న చుట్టారు. అది చూడగానే "మధ్యగతము!" అని తెలుగులో గట్టిగా అనేసిందట. తరువాత బాహుళకము, తరువాత సగటు, ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. పదో తరగతిలో సాంఖ్యక శాస్త్రము పాఠములో మన సర్కారు బడి మాస్టారు చెప్పినవే. రావు అనుకున్నవన్నీ ఉన్నాయి, పేర్లు మారాయి అంతే. ఆ రోజునుంచి నోటు పుస్తకములో ఎడమ ప్రక్క తెలుగు మాట, కుడి ప్రక్క ఇంగ్లీషు మాట వ్రాసుకుంది. తెలుగు మీడియములో చదివి బయటి దేశాల్లో చదువుతున్న మన బిడ్డలు ఎవరైనా ఉంటే ఈ పని చేయండి. మన భాషలో నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

స్టాండర్డ్ డీవియేషను దగ్గర మాత్రము మా ఇంట్లోనే తగాదా వచ్చింది. ఆమె అర్థము కావడానికి మన కానుకల లెక్క తీసుకున్నాము, నిజమైన అంకెలు కావు, ఊహించినవి. ఒక సంఘములో నాలుగు ఆదివారాల కానుక 400, 500, 600, 500. ఇంకొక సంఘములో 100, 900, 200, 800. రెండింటి సగటూ 500 రూపాయలే. కాని రెండో సంఘము పాస్టరు గారి ఇంట్లో బియ్యము డబ్బా సంగతి వేరుగా ఉంటుంది, అది ఏ పాస్టరు భార్యను అడిగినా చెబుతుంది. సగటుకు అటూ ఇటూ ఎంత ఊగుతోందో చెప్పేదే ఈ డీవియేషను. అమ్మగారు పాత పద్ధతిలో రసీదు పుస్తకము వెనుక చేశారు. మొదటి సంఘానికి తేడాలు 100, 0, 100, 0. వర్గాలు కలిపితే 20,000. నాలుగుతో భాగిస్తే 5,000. వర్గమూలము 70.7. అటు ఆమె కాలేజీ లైబ్రరీలో అప్పు తీసుకున్న క్యాలిక్యులేటరులో కొడితే 81.6 అంటోంది. మళ్ళీ చేశారు, మళ్ళీ 70.7. మళ్ళీ కొట్టింది, మళ్ళీ 81.6. ఫోను పెట్టేసేసరికి ఇద్దరూ కొంచెము అలిగారు.

సోమవారము ట్యూటరింగ్ సెంటరు పెద్దాయన తీర్పు చెప్పాడు: రెండూ సరైనవే. ఆ నాలుగు ఆదివారాలే మనకు కావలసినవన్నీ అయితే నాలుగుతో భాగించాలి. ఆ నాలుగు ఆదివారాలను చూసి ఏడాది మొత్తము ఎలా ఉంటుందో అంచనా వేయాలంటే మూడుతో భాగించాలి, ఎందుకంటే కొద్దిగా చూసి అంతా చెప్పేటప్పుడు ఊగిసలాట అసలుకంటే తక్కువగా కనిపిస్తుంది, దాన్ని సరిచేయాలి. క్యాలిక్యులేటరు రెండు జవాబులూ చూపిస్తుంది, ఒకదాని క్రింద ఒకటి. ఆమె పైదే చూసింది. నాలుగు ఆదివారాలు చూసి ఒక విశ్వాసి ఎలాంటివాడో ఏడాది మొత్తానికి తేల్చి చెప్పేవారికి ఈ మూడుతో భాగించడము నేర్పితే బాగుండును.

ఆ సహాయ తరగతిలోనే లారీ నడిపి మానేసిన ఒకాయన ఉన్నాడు. మాటల్లో బాగా తెలివైనవాడు, అంకెలు మాత్రము ఎదురుగా ఉన్నా తారుమారు చేస్తాడు, 36ను 63 అంటాడు. కాలేజీలో వికలాంగుల సేవల ఆఫీసు ఒకటి ఉంది. అక్కడికి వెళ్ళి పత్రాలు చూపిస్తే పరీక్షలో అదనపు సమయము, ప్రశాంతమైన గది ఇచ్చారు. అది జాలితో ఇచ్చేది కాదు. 1973 నాటి పునరావాస చట్టములో 504వ సెక్షను, 1990 నాటి వికలాంగుల చట్టము ప్రకారము ఇవ్వవలసినది. కాని కాలేజీలో ఎవరూ వచ్చి అడగరు, విద్యార్థే వెళ్ళి చెప్పుకోవాలి. దీనికి డిస్‌కాల్క్యులియా అని పేరట.

ఈ పేరు విన్నప్పుడు మాకు మన సంఘములోనే ఒక పిల్లవాడు గుర్తుకు వచ్చాడు. తొమ్మిదో తరగతి. కీర్తనలు కంఠతా చెబుతాడు, డోలకు మీద తాళము తప్పడు. గడియారము చూసి సమయము చెప్పలేడు. కొట్టుకు పంపితే చిల్లర ఎంత రావాలో తెలియదు. వాడికి ఇదే ఉందని మేము చెప్పడము లేదు, చెప్పవలసినవారు డాక్టర్లు. కాని మన దేశములో కూడా 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము చెప్పిన ఇరవై ఒక్క రకాల్లో చదువుకు సంబంధించిన ఇలాంటి ఇబ్బందులు ఉన్నాయి, లెక్కలకు సంబంధించినది కూడా ఉంది. ధ్రువపత్రము ఉంటే పరీక్షల్లో అదనపు సమయములాంటి సడలింపులు అడగవచ్చు. వాళ్ళమ్మను ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది. "మా వాడికి పిచ్చి అని వ్రాయిస్తారా అయ్యగారూ" అని ఏడ్చింది. కాదమ్మా అని చెప్పి, అమ్మగారు ఆమెతో కలిసి బస్సు ఎక్కి జిల్లా ఆసుపత్రికి రెండుసార్లు వెళ్ళి వచ్చారు. మూడోసారి వచ్చే నెలలో ఉంది. ఈలోగా వాడిని మొద్దు అని పిలిచేవారు మన సంఘములో ఎవరున్నా, ఆ మాట ఇక ఆపండి.

సహోదరి సంగతి చెప్పాలి. కోర్సు వదిలే చివరి తేదీ దాటింది, ఆమె వదలలేదు. రెండో పరీక్షలో 63, మూడోదానిలో 78. భర్తకు మొదటి మార్కు సంగతి రెండో పరీక్ష తరువాత చెప్పింది. ఆయన కోప్పడలేదు, శుక్రవారము వంట తాను చేస్తానన్నాడు. అత్తగారు ఏమీ అనలేదు, ఏమీ అనకపోవడమే ఎక్కువ. చివరికి బి గ్రేడు వచ్చింది. ఏ రావాలని ఆమెకు ఉంది, నర్సింగులో సీట్లు తక్కువ, గ్రేడులు చూస్తారు. బి చాలదేమో అని బెంగ ఉంది, అది తీరలేదు. ఇప్పుడు అనాటమీ చదువుతోంది. నర్సింగుకు వ్రాసే టీస్ పరీక్షలో మళ్ళీ లెక్కల భాగము ఉంది. భిన్నాలు, నిష్పత్తులు, శాతాలు. మందు మోతాదు కట్టేవారి చేతిలో దశాంశ బిందువు ఒక్క స్థానము జరిగితే పది రెట్లు మందు వెళ్తుంది, కాబట్టి అడగడము న్యాయమే. సెంటరులో ఇప్పుడు ఆమె బల్ల దగ్గరకే కొత్తవారు కొందరు వచ్చి అడుగుతున్నారట. మొన్న ఒక అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి ఉంటే వెళ్ళి పిలుచుకొని వచ్చింది.

మన దగ్గర సంగతి. ఈ ఏడాది పదో తరగతి లెక్కల్లో తప్పినవారు మన సంఘ కుటుంబాల్లోనే నలుగురు, ముగ్గురు ఆడపిల్లలు. లెక్కల్లో తప్పిన మగపిల్లవాడు సప్లిమెంటరీకి కడతాడు, ఆడపిల్లకు సంబంధము చూస్తారు. ఇద్దరి ఇళ్ళకు మేము వెళ్ళి మాట్లాడాము. ఒక ఇంట్లో ఒప్పుకున్నారు. ఇంకొక ఇంట్లో మాట ఇవ్వలేదు, కాఫీ ఇచ్చారు.

జూన్ నుండి మంగళ, గురువారాల్లో సాయంత్రము ఆరున్నరకు మందిరములో లెక్కలు చెబుతున్నారు. డిగ్రీ చదువుతున్న మన యౌవనస్థురాళ్ళు ఇద్దరు చెబుతారు, బీజగణితము అమ్మగారు. ట్యూషను అని బోర్డు పెట్టలేదు. ఎనిమిది నుండి పది వరకు ఉన్న పిల్లలందరినీ రమ్మన్నాము, బాగా వచ్చినవారిని కూడా. మొదటి వారము వచ్చినవారు ముగ్గురు, అందులో ఇద్దరు లెక్కల్లో తొంభై దాటినవారే. అమ్మగారికి నిరుత్సాహము కలిగింది. టెక్సాస్ నుండి ఫోను చేసి ఆ సహోదరే చెప్పింది, వాళ్ళు ఉండబట్టే మిగతావాళ్ళు వస్తారు, వాళ్ళను పంపించేయకండి అని.

ఆ కాఫీ ఇచ్చిన ఇంటి అమ్మాయి మూడు వారాలు పాల ప్యాకెట్టు కోసమని మందిరము ముందునుంచే రెండుసార్లు వెళ్ళేది, రెండుసార్లు లోపలికి చూసేది. మేము పిలవలేదు, పిలవాల్సింది మేము కాదనిపించింది. పోయిన గురువారము తొంభై దాటిన ఆ పిల్లల్లో ఒకతె బయటికి వెళ్ళి, "అక్కా, ఈ కసాగు నాకు రావడము లేదు, నీకు వచ్చా?" అని అడిగింది. కసాగు రాకపోవడము అబద్ధమే, క్షమించండి. ఆ అమ్మాయి పాల ప్యాకెట్టు గుమ్మము ప్రక్కన పెట్టి, చెప్పులు విడిచి, లోపలికి వచ్చి కూర్చుంది. ఇరవై నిమిషాలు ఉంది. కసాగు చేసి చూపించింది, సరిగ్గానే చేసింది.

వచ్చే మంగళవారము వస్తుందో రాదో తెలియదు. వాళ్ళ నాన్నగారి కొరకు ప్రార్థించండి. సహోదరి టీస్ పరీక్ష నవంబరులో ఉంది, దాని కొరకు కూడా. మందిరములో పలకలు ఆరే ఉన్నాయి, ఎవరి ఇంట్లోనైనా పాతవి ఉంటే సుద్దముక్కలతో సహా ఆదివారము తీసుకొని రండి.